అధినేత గారి ఆరోగ్యం కోసం

ఆ ఏడు దాళ్వా వరి కోతలయ్యాక కాలవగట్టు మీద ధాన్యం ఆరబోసినవాళ్ళెవరూ రాశుల మీద ఫ్లెక్సీలు కప్పలేదు. అంతకుముందు సగం రాశుల మీద అవే ఉండేవి. పెళ్ళిళ్ళవి, ఓణీల ఫంక్షన్లవి, సినిమా హీరోలవి. ఈసారి పాత చీరలు జతచేసి కుట్టి కప్పారు. ఎరువుల సంచులు విప్పి కుట్టి కప్పారు. వంతెన దగ్గర గాలికి ఊడిన అధినేత గారి ఫ్లెక్సీ ఒకటి రేవులో సగం నీళ్ళలోకి జారి ఉంది. దాన్ని ఎవరూ తియ్యలేదు. తీస్తే ఎందుకు ముట్టుకున్నావంటారు. ఎందుకు తియ్యలేదని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

కృపారాణి ధాన్యంలో కాళ్ళు ఈడుస్తూ ఆ చివరికి నడిచి, తిరిగి ఈ చివరికి వస్తోంది. పాదాల వెనక చాళ్ళు పడుతున్నాయి. కిందున్న తడి గింజ పైకి వస్తోంది. ఈ పని ఆమె భర్త రాజ్ కుమార్ చేసేవాడు. ఈ కోతల మొదట్లో అకాల వర్షం వచ్చిన రోజు అతను వంతెన దగ్గర పడి ఉన్న ఇంకో ఫ్లెక్సీ తెచ్చి రాశి మీద కప్పాడు. రంగు గింజకి అంటుతుందని బొమ్మ వైపు పైకి పెట్టాడు. గాలికి లేవకుండా ఇటుకలు పెట్టాడు. ఇటుకల్లో రెండు అధినేత గారి మొహం మీద పడ్డాయి. ఎవరో ఫోటో తీశారు. సాయంత్రం వ్యాన్ వచ్చింది. ఫ్లెక్సీని తుడిచి, మడతపెట్టి ముందు సీట్లో పెట్టారు. రాజ్ కుమార్‌ని వెనక ఎక్కించారు. రాశి రాత్రంతా తడిసింది.

అతన్ని రాజమండ్రి అవతల శిక్షణ శిబిరంలో పెట్టారని తరవాత తెలిసింది. జైలు అనకూడదు. ఎన్నికలు ఆగిపోయిన దగ్గర్నుంచి అనకూడని మాటలు కొన్ని ఉన్నాయి, జనానికి అలవాటయ్యాయి.

చంద్రరావు బండి గట్టు మీద ఆపాడు. అతనిది సెంటర్లో ఎరువుల కొట్టు. ఊరి కమిటీకి అధ్యక్షుడు. వంగి గుప్పెడు ధాన్యం తీసి, ఒక గింజ పంటి కింద పెట్టి కొరికాడు.

“ఇంకా మెత్తగానే ఉంది కృపారాణీ.”

“రెండెండలు తగలాలండి.”

“మీ అత్తగారేరి?”

“ఇంటి దగ్గరుందండి.”

గింజ ఉమ్మేసి చేతులు దులుపుకున్నాడు. “అధినేత గారి పుట్టినరోజు వస్తోంది కదా. గుళ్ళలో పూజలు, చర్చిల్లో ప్రార్థనలు. వీడియో తీసి పైకి పంపాలి. అన్ని ఊళ్ళూ పంపుతాయి. మనది కంట్లో పడాలంటే అందులో ఏదన్నా ఉండాలి. అందుకని, ప్రార్థన మీ అత్తగారి చేత చేయిద్దామనుకుంటున్నాను. తప్పు చేసినోడి తల్లి. ఆయన ఆరోగ్యం కోసం నోరారా ప్రార్థన చేస్తోంది. బాగుంటది.”

కృపారాణి కాలి వేళ్ళ మధ్య ఇరుక్కున్న గింజలు రెండో కాలితో రాల్చుకుంది.

“పుట్టినరోజుకి కొంతమందిని వదుల్తారంట. వీడియో నచ్చితే నేనొక మాట చెప్పగలను.”

“చెప్తారాండీ?”

“వీడియో బాగా రావాలి. ఏం చెప్పాలో ఫోన్‌కి పంపుతాను. ఆ ముక్కలే చెప్పాలి. ఒక్కటి తగ్గకూడదు, ఒక్కటి పెరక్కూడదు.”

“ఆయ్, అలాగేనండి.”

అతని బండి వంతెన దాటేలోపే ఫోన్ మోగింది.

* 

కృపారాణి అత్త ఏసమ్మ పెరట్లో రాతి పక్కన కూచుని పరిగె చేపలు తోముతోంది. బూడిద చల్లి, అరచేత్తో రాతి మీద గుండ్రంగా రుద్దుతోంది. పొలుసు ఊడి చేప తెల్లబడ్డాక పక్కనున్న గిన్నెలో వేస్తోంది. లాజరు మాస్టారు గుమ్మంలో స్టూలు మీద కూచున్నాడు. బడి నుంచి రిటైరయ్యాక చర్చి సంఘానికి పెద్దగా ఉంటున్నాడు. పుట్టినరోజు సర్క్యులర్ వచ్చిన మర్నాడే పాస్టరు గారు ఒంట్లో బాగోలేదని కాకినాడ వెళ్ళిపోయారు. అప్పట్నుంచి ఆరాధన నడిపేదీ ఆయనే.

“ఏం జబ్బంటండీ?” అంది ఏసమ్మ.

“ఎవరికి?”

“అధినేత గారికి.”

“జబ్బేం లేదు ఏసమ్మ గారూ.”

“జబ్బు లేనోడికి ఆరోగ్యం కోసం ప్రార్థనెందుకండి?”

లాజరు కృపారాణి వైపు చూశాడు. కృపారాణి ఫోన్‌లోకి చూసింది.

“చెప్పరులెండి,” అంది ఏసమ్మ. “పెద్దోళ్ళ జబ్బులు బయటికి రానివ్వరు.”

పేటలో ఎవరికి బాగోకపోయినా ఏసమ్మని పిలుస్తారు. వచ్చి, ముసుగేసుకుని, మంచం పక్కన మోకరించి, కళ్ళు మూసుకుంటుంది. ఏం మాట్లాడుతుందో ముందు ఆమెకే తెలియదు. సంఘంలో లేనివాళ్ళు కూడా పిలుస్తారు. చంద్రరావు తల్లి పక్షవాతంతో పడినప్పుడు, డాక్టర్లు ఇంటికి తీసుకెళ్ళమన్నాక, ఆమే అడిగి పిలిపించుకుంది. చంద్రరావు ఆ రోజు గది బయట గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

కృపారాణి చదివింది. “సర్వశక్తి గల దేవా, మా ప్రియతమ అధినేత గారికి సంపూర్ణ ఆరోగ్యాన్నీ నూరేళ్ళ ఆయుష్షునూ ప్రసాదించు.”

ఏసమ్మ చేప రుద్దుతూనే అప్పజెప్పింది.

“ఆయన శత్రువులను అణచివెయ్యి.”

“ఆయన శత్రువులను అణచివెయ్యి.”

“ద్రోహం చేసిన నా కొడుకు తరఫున సిగ్గుతో తల వంచుతున్నాను.”

ఏసమ్మ చెయ్యి ఆగింది. “ద్రోహమేంటి? వాడు ధాన్యం కప్పాడు.”

“అలాగే రాసుందత్తయ్యా.”

“కప్పకపోతే ద్రోహం గానీ.”

“అత్తయ్యా.” కృపారాణి గొంతు లేచింది. “చంద్రరావు గారు మాట సాయం చేస్తానన్నారు. నువ్విలా ముక్కముక్కకీ అడ్డం పడితే మీ అబ్బాయి అక్కడే ఉంటాడు. చెప్పు. ద్రోహం చేసిన నా కొడుకు తరఫున.”

ఏసమ్మ ఇంకో చేప తీసుకుంది. రెండు పక్కలా తోమింది. గిన్నెలో వేశాక, కృపారాణి ఎలా చదివిందో అలా, ఎత్తుపల్లాలు లేకుండా చెప్పింది.

“కళ్ళు మూసుకుని చెప్పండి ఏసమ్మ గారూ,” అన్నాడు లాజరు. “అలవాటవుద్ది.”

“ఇప్పుడెందుకండి? ముసుగు లేదు. చేతులు చేప కంపు. ఇది ప్రార్థనా ఏంటి? పాఠం.”

మర్నాడూ, ఆ మర్నాడూ ఏసమ్మ గట్టు మీద ధాన్యం ఎత్తుతూ, పొట్టు చెరుగుతూ పాఠం అప్పజెప్పింది. ఒక్క ముక్క తప్పలేదు. కృపారాణి రాత్రి అన్నం తినగలిగింది.

*

ఆదివారం చంద్రరావు తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. చర్చి గుమ్మం బయట చెప్పులు విడిచాడు. ముందు వరసలో అతనికొక కుర్చీ వేశారు. ఫోన్‌ని స్టాండుకి బిగించి, ఏసమ్మ మోకరించే చాప వైపు తిప్పి, తన మోకాళ్ళ ముందు పెట్టుకున్నాడు. ఫ్యాన్ చప్పుడు పడుతుందని ఆపించాడు. ఆడవాళ్ళు చీర చెంగులతో విసురుకుంటున్నారు.

“మేమేం చెయ్యాలండి?” అన్నాడు లాజరుతో. “వీడియోలో నేనూ పడతాను, ఓ పక్కన.”

“ఏం లేదండి, కళ్ళు మూసుకోవాలి. ప్రార్థనలో ఎవరూ కళ్ళు తెరవరు. మధ్యమధ్యలో ఆమేన్ అనాలి.”

“ఎప్పుడనాలి?”

“ఆవిడ ఆగినప్పుడల్లా అనెయ్యండి. కొంచెం గట్టిగా అంటే బాగుంటది.”

పాటయ్యాక ఏసమ్మ లేచి వచ్చింది. చెంగు తల మీదుగా నుదుటి దాకా లాక్కుంది. చాప మీద మోకరించి కళ్ళు మూసుకుంది. సంఘమంతా తల వంచింది.

“సర్వశక్తి గల దేవా,” అంది. పాఠం మొదలైంది. కృపారాణి మూసిన కళ్ళ వెనక ఫోన్‌లోని ముక్కలు ఒక్కొక్కటే చూసుకుంటోంది. ఆయుష్షు అయింది. ఆమేన్ అన్నారు. శత్రువులు అయింది. ఆమేన్.

“ద్రోహం చేసిన…” అని ఏసమ్మ ఆగింది.

కృపారాణి పెదాలు కదిపింది. నా కొడుకు తరఫున. నా కొడుకు తరఫున.

“తండ్రీ,” అంది ఏసమ్మ. గొంతు మారింది. మంచం పక్కన మాట్లాడే గొంతు అది. “ద్రోహం చెయ్యనోడు ఎవడున్నాడు నాయనా? అందరం చేసినోళ్ళమే. ఈ జబ్బు మనిషిని నీ చేతుల్లో పెడుతున్నాం. ఏం జబ్బో మాకు చెప్పలేదు. నీకు తెలుసు. తెలిసి చేసినయ్యీ, తెలియక చేసినయ్యీ, చాటుగా చేసినయ్యీ, అందరి ఎదురుగా చేసినయ్యీ క్షమించు తండ్రీ.”

“ఆమేన్,” అంది సంఘం.

“ఎవరెవర్ని ఏడిపించాడో వాళ్ళ మొహాలు గుర్తు చెయ్యి నాయనా. వాళ్ళ గుమ్మాల్లోకి వెళ్ళి, తప్పయిపోయిందని చెప్పుకునే మనసియ్యి. ఎంతమందో ఉన్నట్టున్నారు. అందరి దగ్గరికీ తిరిగే ఓపిక కూడా ఇయ్యి.”

“ఆమేన్.”

“గర్వం తీసెయ్యి తండ్రీ. భయం తీసెయ్యి. లోపల భయం లేనోడు ఇంతమందిని భయపెట్టడు. చుట్టూ జనమున్నా నుదుటి మీద చెయ్యేసేవాడు లేడు. రాత్రి నిద్రియ్యి.”

ఆమేన్ ఈసారి వెనక వరసల నుంచి కూడా వచ్చింది. కృపారాణి కళ్ళు తెరిచింది. ప్రార్థనలో కళ్ళు తెరవడం ఆమెకి అదే మొదలు. వరసల నిండా వంచిన తలలు, మూసిన కళ్ళు. కుర్చీలో చంద్రరావు రెండు చేతులూ జోడించి, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. అతని ముందు ఫోన్‌లో ఎర్ర చుక్క వెలుగుతోంది.

“నీ చిత్తమైతే లేపు నాయనా,” అంది ఏసమ్మ. “లేచి మంచిగా బతకనియ్యి. నీ చిత్తం కాకపోతే ఎక్కువ బాధ పెట్టకుండా తీసుకో.”

“ఆమేన్!”

కిటికీ మీద పావురాలు లేచాయి. లాజరు దగ్గాడు. ముగింపు ప్రార్థన ఎప్పటికంటే చిన్నగా చేశాడు.

కూటం అయ్యాక ఎవరూ ఎవరి మొహం చూడలేదు. ఆడవాళ్ళు చాపలు చుట్టారు. చంద్రరావు ఏసమ్మకి నమస్కారం పెట్టి, చెప్పులేసుకుని, ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయని ఒకామె అంది. ఇంకొకామె ఆమెని మోచేత్తో పొడిచింది.

దారిలో కృపారాణి అడిగింది. “ఏం చేశావో తెలుసా అత్తయ్యా?”

“ఏం చేశాను? మంచాన పడ్డోళ్ళకి ఏం చెప్తామో అదే చెప్పాను.”

“ఆయన మంచాన పళ్ళేదు.”

“పడకుండానే ఇన్ని ఊళ్ళ చేత చేయిస్తున్నారా?”

“మీ అబ్బాయిని ఇంక వదలరు,” అంది కృపారాణి. చెప్పాక ఏసమ్మ వైపు చూడకుండా ముందుకి నడిచింది. వెనక అడుగుల చప్పుడు కాసేపు వినపడలేదు. తరవాత మళ్ళీ వినపడింది.

*

సాయంత్రం ఎరువుల కొట్టు నుంచి కబురొచ్చింది. కృపారాణి, లాజరు వెళ్ళారు. చంద్రరావు పనివాణ్ణి టీకి పంపి, వాళ్ళని వెనక గదిలోకి తీసుకెళ్ళాడు. యూరియా బస్తాల మీద కూచోమన్నాడు. వాళ్ళు కూచోలేదు.

“పైకి పంపుదామని వేసి చూశాను,” అన్నాడు.

ఫోన్ బస్తా మీద పెట్టి నొక్కాడు. ఏసమ్మ గొంతు వచ్చింది. తెలిసి చేసినయ్యీ, తెలియక చేసినయ్యీ. ఆ తరవాత ఆమేన్. సంఘం గొంతులన్నీ దూరంగా, కలిసిపోయి ఉన్నాయి. వాటి మీద ఒక్క మగ గొంతు మాత్రం పక్కనే నిలబడి అన్నట్టు ఉంది. ఎవరెవర్ని ఏడిపించాడో. ఆమేన్. మళ్ళీ అదే గొంతు. భయం తీసెయ్యి. ఆమేన్. ఎక్కువ బాధ పెట్టకుండా తీసుకో.

చివరి ఆమేన్‌కి ఫోన్ బస్తా మీద అదిరింది. ఆ గొంతు చంద్రరావుది.

ముగ్గురూ ఫోన్ వైపే చూస్తున్నారు. సెంటర్లో బస్సు హారన్ కొట్టింది.

“ఫోన్ దగ్గరగా ఉన్నారు కదండి,” అన్నాడు లాజరు. “అందుకని.”

చంద్రరావు ఆయన వైపు చూశాడు. లాజరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

“మా అమ్మ దగ్గర కూడా ఇయ్యే మాటలు చెప్పింది,” అన్నాడు చంద్రరావు. “నీ చిత్తమైతే లేపు అని. ఆ గొంతు వింటుంటే మాటలు పట్టించుకోలేదు నేను.” అని వెళ్ళి గది తలుపు ఇంకొంచెం దగ్గరగా వేశాడు. “ఇంకెవరన్నా తీశారా వీడియో?”

“ప్రార్థనలో ఎవరూ కళ్ళు తెరవరండి,” అన్నాడు లాజరు.

చంద్రరావు వేలితో నొక్కి వీడియో చెరిపేశాడు. చెరిపినవి ఉండే చోటుకి వెళ్ళి అక్కడా చెరిపాడు. “రేపు పొద్దున్న ఇంటికొస్తాను. చర్చి వద్దు, జనం వద్దు, ఆమేన్‌లు వద్దు. ఆవిడొక్కతే. రాసిచ్చిన ముక్కలే.”

“రాజ్ కుమార్ సంగతండి?” అంది కృపారాణి.

“ముక్కలు సరిగ్గా వస్తే నా మాట నా మాటే.”

*

కృపారాణి పెరడు ఊడ్చి, గోడ ముందు పీట వేసింది. ఏసమ్మ స్నానం చేసి ఉతికిన చీర కట్టుకుంది. వీడియో అంటే ఏంటో, అది ఎక్కడికి వెళ్తుందో, రాజ్ కుమార్ రావడానికీ దానికీ ఏం సంబంధమో రాత్రి కృపారాణి మళ్ళీ చెప్పింది. ఏసమ్మ విని, “చెప్తాను. వాడు రావాలిగా,” అంది.

చంద్రరావు ఫోన్ చేత్తో పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. ఏసమ్మ పీట మీద కూచుంది. చెంగు తల మీదే ఉంది.

“కళ్ళు మూసుకోమంటారాండీ?” అంది.

“వద్దొద్దు.” చంద్రరావు చెయ్యి అడ్డంగా ఊపాడు. “తెరిచే ఉంచు. నువ్వు కళ్ళు మూస్తే ఎటెళ్తావో ఎవరికి తెలుసు. ఫోన్ వైపు చూసి చెప్పు.”

“మీరు తెరవమన్నారు కదాండీ?”

“తెరవమనే అంటున్నాను.”

“సరేనండి.”

ఏసమ్మ చెంగు తల మీద నుంచి తీసింది. నాట్లకి వెళ్ళేటప్పుడు దోపుకున్నట్టు దాన్ని నడుం దగ్గర దోపుకుంది. నెరిసిన జుట్టు ఎండలో కనబడింది. చేతులు జోడించలేదు, మోకాళ్ళ మీద పెట్టుకుంది.

కృపారాణి అది చూసింది. ముసుగు వేసుకో అత్తయ్యా అనడానికి నోరు తెరిచింది. చంద్రరావు ఫోన్‌లోకి చూస్తూ వెనక్కి ఒక అడుగు వేశాడు. కృపారాణి నోరు మూసుకుని పక్కకి జరిగింది, నీడ ఏసమ్మ మీద పడకుండా.

ఏసమ్మ ఫోన్ వైపు చూస్తూ చెప్పింది. ఆయుష్షు, శత్రువులు, ద్రోహం చేసిన కొడుకు, సిగ్గు. చేపలు తోముతూ చెప్పినట్టే, ఎత్తుపల్లాలు లేకుండా, ఒక్క ముక్క తగ్గకుండా, పెరక్కుండా. రెప్పలు మామూలుగా ఎప్పుడు కొట్టుకుంటాయో అప్పుడే కొట్టుకున్నాయి.

“బ్రహ్మాండం,” అన్నాడు చంద్రరావు. “బాగా వచ్చింది కదా?”

“బాగా వచ్చిందండి,” అంది కృపారాణి.

*

పుట్టినరోజు అయ్యాక నాలుగైదు రోజులకి రాజ్ కుమార్ బస్సు దిగి నడిచి వచ్చాడు. తల గొరిగి ఉంది. వంతెన దగ్గర రేవులో ఫ్లెక్సీ ఇంకా అలాగే ఉంది, ఎండకి రంగు పోయింది. అతను దాన్ని చూసి రోడ్డుకి అవతలి వైపు నుంచి వచ్చాడు.

ధాన్యం ఏమైందని అడిగాడు. మొలకొచ్చినవి పోగా మిగిలింది ఎత్తామని కృపారాణి చెప్పింది. నీళ్ళు తోడింది. అతను స్నానం చేస్తుంటే వీపు మీద మచ్చలు చూసింది. పరిగెల పులుసు, అన్నం వడ్డించుకుని ముగ్గురూ కూచున్నారు. కబురు తెలిసి లాజరు మాస్టారు కూడా వచ్చి స్టూలు మీద కూచున్నాడు.

“నీ వీడియో వేశారమ్మా,” అన్నాడు రాజ్ కుమార్.

“అక్కడా వేశారా?”

“పెద్ద తెర కట్టారు. అందర్నీ వరసల్లో కూచోబెట్టారు. ముందు గుళ్ళలో పూజలు వేశారు, తరవాత నీది. మన సంఘాలోళ్ళు అక్కడ చాలామందే ఉన్నారు. రాజోలు వైపు నుంచి ఓ పాస్టరు గారు కూడా ఉన్నారు. నా మొహం చూస్తూ కూచున్నారు, మీ అమ్మేనా అని. నేను తల దించుకున్నాను. నా కొడుకు ద్రోహి అని నువ్వు చెప్పబోతున్నావని ముందే తెలుసు. నా చేత కూడా చెప్పించారుగా.”

ఏసమ్మ వింటోంది.

“గొంతు వినపడింది. ఆ మాటా వినపడింది. అప్పుడు ఆ పాస్టరు గారు నా మోకాలు మీద గిల్లారు. చూడు, చూడు అన్నారు. తలెత్తి చూశాను.” అతను నవ్వబోయి ఆగాడు. “నడుముకి చెంగు దోపుకుని కూచున్నావు. కళ్ళు ఇంతింత చేసుకుని.”

“చంద్రరావు గారే తెరవమన్నారు,” అంది ఏసమ్మ.

“అయిపోయాక ఇన్‌ఛార్జి లేచి, క్రిస్టియన్లందరూ ఆమేన్ చెప్పండి అన్నాడు. ఎవరూ అనలేదు. మళ్ళీ అడిగాడు. ఏం, మీ ప్రార్థనేగా, ఆమేన్ అనరా అన్నాడు. పాస్టరు గారు లేచి, అయ్యా, ఆమేన్ ప్రార్థనకి అంటామండి అన్నారు. వాడికి అర్థం కాలేదు. ఇంతమందిలో ఒక్కడూ అనలేదమ్మా. రాత్రి అన్నం పెట్టలేదు మాకు. ఎవరూ ఏమీ అనుకోలేదు.”

లాజరు కళ్ళజోడు తీశాడు. తుడవలేదు, చేతిలో పట్టుకుని కూచున్నాడు.

“అన్నం చల్లారిపోతోంది,” అంది కృపారాణి.

ఏసమ్మ చెంగు తల మీదకి లాక్కుని కళ్ళు మూసుకుంది. అన్నం కోసం, ఇంటికొచ్చిన బిడ్డ కోసం, శిబిరంలో మిగిలినవాళ్ళ కోసం ప్రార్థన చేసింది. తరవాత గొంతు కొంచెం తగ్గించి, ఆ జబ్బు మనిషిని నీ చేతుల్లో పెడుతున్నాం తండ్రీ, నీ చిత్తమైతే లేపు అంది.

రాజ్ కుమార్ కళ్ళు తెరిచాడు. “ఆయన కోసం ఇంకా చేస్తున్నావా?”

ఏసమ్మ కళ్ళు మూసుకునే ఉంది.

“తగ్గినట్టు లేదు కదరా,” అంది. ఆమేన్ కోసం ఆగింది.